కణంలో దూరిన పరాన్నజీవి: టి కణాలకు కబురు చేర్చేదెవరు?

కణం లోపలికి దూరిపోయిన పరాన్నజీవిని యాంటీబాడీ ఏమీ చేయలేదు. అది రక్తంలోనో కణాల మధ్య ద్రవంలోనో తిరుగుతున్నంతసేపే యాంటీబాడీకి పని. ఒకసారి పొర దాటి లోపల కాపురం పెట్టిందంటే భారమంతా టి కణాల మీద పడుతుంది. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం, కాలా అజార్ తెచ్చే లీష్మానియా, పిల్లుల ద్వారానూ సరిగా ఉడకని మాంసం ద్వారానూ వచ్చే టోక్సోప్లాస్మా, లాటిన్ అమెరికాలో గుండెను దెబ్బతీసే ట్రిపనోసోమా క్రూజి, మన పాడి ఆవులను పీడించే థైలేరియా అన్నీ ఈ కోవకు చెందినవే. ఇవి వైరస్‌ల వంటి చిన్నాచితకా జీవులు కావు. వేల జన్యువులు, సొంత కేంద్రకం, ఒక్కో మజిలీలో ఒక్కో రూపం ఉన్న ఏకకణ జీవులు.

టి కణానికి మాత్రం కణం లోపలికి చూసే శక్తి లేదు. లోపల ఏముందో ఎవరో ఒకరు బయటికి చూపించాలి. ఆ చూపించేది పరాన్నజీవి నిజంగా చొరబడిన కణమా, లేక చచ్చిన పరాన్నజీవిని మింగి అరిగించుకున్న పొరుగు కణమా? రోగనిరోధక శాస్త్రంలో చాలాకాలం ఈ ప్రశ్నను ఎవరూ అంత పట్టించుకోలేదు. రెండో జవాబే సరైనదని పాఠ్యపుస్తకాలు ఒప్పేసుకున్నాయి. గత 20 ఏళ్ల పరిశోధనలను వరసగా చూస్తే ఆ జవాబు కొన్ని పరాన్నజీవులకే సరిపోతుందనీ, చాలా చోట్ల నిజంగా సోకిన కణమే అసలు సాక్షి అనీ తేలుతోంది. టీకా తయారుచేసేవాళ్లకు ఇది పట్టించుకోక తప్పని సంగతి. చచ్చిన పరాన్నజీవిని సూదితో ఎక్కిస్తే చాలా, లేక బతికున్నదాన్ని కణాల్లోకి పోనివ్వాలా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

ముందు మూలసూత్రం. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ ఎలుకల్లో ఒక వైరస్ మీద పనిచేస్తూ ఒక వింత గమనించారు. వైరస్ సోకిన ఎలుకలోని టి కణాలు, అదే వంశపు ఎలుక నుంచి తీసిన సోకిన కణాలను చంపాయి. అదే వైరస్ వేరే వంశపు ఎలుక కణాల్లో ఉంటే వాటి జోలికి పోలేదు. అంటే టి కణం వైరస్‌ను విడిగా గుర్తుపట్టడం లేదు. తన ఒంటి కణాల మీద ఉండే ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్‌తో కలిపి చూస్తోంది. దీనికి 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆలైన్ టౌన్‌సెండ్ బృందం, ఫ్లూ వైరస్ ప్రోటీన్‌లోని చిన్న ముక్కలు చాలు, పూర్తి ప్రోటీన్ అక్కర్లేదని చూపింది. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, ఆమె సహచరులు మనిషి ఎంహెచ్‌సీ అణువు ఆకారాన్ని ఎక్స్‌రేలతో తేల్చారు. దాని నెత్తి మీద ఒక గాడి, ఆ గాడిలో ఇరుక్కున్న పెప్టైడ్ ముక్క.

వాకిట్లో పడేసిన చింతపిక్కలూ ములక్కాడ పిప్పీ చూసి ఆ పూట ఆ ఇంట్లో ఏం వండారో చెప్పేయవచ్చు. టి కణం చేసేదీ అంతే, అది గడప దాటదు. కణం తన లోపల ఉన్న ప్రోటీన్లను ప్రోటియాసోమ్ అనే యంత్రంలో వేసి తునకలు చేస్తుంది. టాప్ అనే రవాణా ప్రోటీన్ ఆ తునకలను ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే గదుల్లోకి పంపుతుంది. అక్కడ వాటిని కత్తిరించి 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవుకు తెచ్చి మొదటి తరగతి ఎంహెచ్‌సీ గాడిలో కూర్చోబెట్టి కణం తన బయటి పొర మీదికి పంపుతుంది. వాటిని చదివేవి సీడీ8 టి కణాలు, అంటే చంపే కణాలు. బయటి నుంచి మింగిన సరుకు వేరే దారిన పోతుంది. లైసోసోమ్ సంచుల్లో అరిగి, కాస్త పొడవాటి ముక్కలుగా రెండో తరగతి ఎంహెచ్‌సీ మీదికి చేరుతుంది. అవి సీడీ4 టి కణాలకు. మొదటి తరగతి మన ఒంట్లో కేంద్రకం ఉన్న దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. రెండోది మామూలుగా డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బి కణాల సొత్తు.

వైరస్ విషయంలో ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. వైరస్ తన ప్రోటీన్లను మన కణంలోని రైబోసోముల మీదే తయారుచేయించుకుంటుంది కాబట్టి ముక్కలు నేరుగా ప్రోటియాసోమ్‌కు అందుతాయి. పరాన్నజీవి అలా కాదు. తన ప్రోటీన్లను తన ఒంట్లోనే చేసుకుంటుంది. పైగా చాలావరకు మన కణంలో ఒక సంచి కట్టుకుని అందులో ఉంటుంది. దాని ప్రోటీన్ మన ప్రోటియాసోమ్ చేతికి చిక్కాలంటే పరాన్నజీవి పొర, సంచి పొర రెండూ దాటాలి. ఎందుకు దాటుతుంది? ఈ ఇబ్బంది వల్లే మొదట్లో అందరూ రెండో దారి వైపు మొగ్గారు. సోకిన కణం పగిలి చస్తుంది, ఆ చెత్తను డెండ్రైటిక్ కణం మింగుతుంది, మింగినదాన్ని కూడా మొదటి తరగతి ఎంహెచ్‌సీ మీదికి మళ్లించే ప్రత్యేక నైపుణ్యం దానికి ఉంది కాబట్టి సీడీ8 కణాలు మేల్కొంటాయి అని. ఈ మళ్లింపును మైకేల్ బెవన్ 1976లోనే గమనించాడు. డెండ్రైటిక్ కణాలను అంతకు మూడేళ్ల ముందు రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్‌విల్ కోన్ గుర్తించారు.

ఈ వాదనకు బలం లేకపోలేదు. ఫలానా పెప్టైడ్‌ను గుర్తుపట్టగల కొత్త టి కణాలు ఒక ఎలుక మొత్తంలో పదుల నుంచి కొన్ని వందల వరకే ఉంటాయి. అవి ఒంట్లోని ప్రతి కణం దగ్గరికీ వెళ్లి తనిఖీ చేయలేవు. లింఫ్ గ్రంథుల్లోనూ ప్లీహంలోనూ తిరుగుతుంటాయి. అక్కడికి సరుకు మోసుకెళ్లగలిగేదీ, పెప్టైడ్‌తోపాటు సీడీ86 వంటి రెండో సంకేతాన్నీ ఐఎల్-12 వంటి మూడో సంకేతాన్నీ ఇవ్వగలిగేదీ డెండ్రైటిక్ కణమే. కాబట్టి ఇక్కడ రెండు ఘట్టాలను విడదీసి చూడాలి. ఏమీ ఎరగని టి కణాన్ని మొదటిసారి రెచ్చగొట్టేది ఒక ఘట్టం. రెచ్చిపోయి, వందల వేల రెట్లు పెరిగి, రక్తంలో బయల్దేరిన టి కణం గమ్యంలో సోకిన కణాన్ని గుర్తుపట్టేది ఇంకొకటి. ఈ రెంటినీ కలగాపులగం చేసి రాసిన వ్యాసాలు కోకొల్లలు. సగం గందరగోళం అక్కడే పుట్టింది.

టోక్సోప్లాస్మా మీద జరిగిన పని ఈ చర్చకు గుండెకాయ. ఈ జీవిని 1908లో ట్యూనిస్‌లో నికోల్, మాన్సో గుండీ అనే చిన్న ఎడారి జంతువులో చూశారు. ప్రపంచంలో దాదాపు మూడోవంతు జనానికి ఇది సోకి ఉంటుందని అంచనా. మెదడులోనూ కండరాల్లోనూ గుళ్లు కట్టుకుని బతికినంతకాలం ఉండిపోతుంది. మామూలు మనిషికి దాని ఊసే తెలియదు. ఎయిడ్స్ రోగిలో సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తానికి 100 కంటే దిగువకు పడిపోయినప్పుడు మాత్రం ఆ గుళ్లు విచ్చుకుని మెదడువాపు తెస్తాయి. టి కణాలు దీన్ని ఏళ్ల తరబడి అదుపులో ఉంచుతున్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చొరబడిన పరాన్నజీవినీ మింగబడిన పరాన్నజీవినీ వేరుచేయడం ఎలా అన్నది చాలాకాలం ఇబ్బంది పెట్టింది. మైక్రోస్కోపు కింద రెండూ ఒకేలా ఉంటాయి: కణంలో ఒక సంచి, సంచిలో ఒక జీవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హంటర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం ఈ చిక్కును అందంగా విప్పింది. వాళ్లు వాడింది డార్ట్‌మత్‌లో ఫాక్స్, బ్జిక్ తయారుచేసిన సీపీఎస్ అనే బలహీన రకం. యురాసిల్ బయటి నుంచి పోస్తే తప్ప అది సంతానాన్ని కనలేదు. ఎలుక ఒంట్లో యురాసిల్ చాలినంత దొరకదు. కణంలోకి చొరబడుతుంది కానీ పెరగదు. కాబట్టి కణం పగలదు, చెత్త పోగుపడదు, లెక్క తప్పదు.

ఆ పరాన్నజీవికి వాళ్లు రెండు గుర్తులు పెట్టారు. ఒకటి అది బతికున్నంతసేపూ తయారుచేసుకునే ఎర్రగా మెరిసే ప్రోటీన్. రెండోది దాని ఒంటికి పట్టించిన ఊదారంగు అద్దకం. పరాన్నజీవి మింగబడి అరిగిపోతే ఎరుపు మాయమవుతుంది, ఊదా మిగులుతుంది. సజీవంగా చొరబడి ఉంటే రెండు రంగులూ ఉంటాయి. ఇక కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పోనిస్తూ రంగుల లెక్కన వేరుచేయడమే. రెండు రంగులూ ఉన్న డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌ల మీద సీడీ86 బాగా పెరిగి కనిపించింది. ఊదా మాత్రమే ఉన్నవాటి మీద అంతగా లేదు. వేడితో చంపిన పరాన్నజీవులనూ, మందు పెట్టి చొరబాటు శక్తి తీసేసిన పరాన్నజీవులనూ ఎలుకలకు ఎక్కించారు. కణాలు వాటిని మింగాయి, కానీ టి కణాలు సరిగా కదల్లేదు. చివరికి సోకిన డెండ్రైటిక్ కణాలను ఏరి ఏమీ ఎరగని ఎలుకలకు ఎక్కిస్తే సీడీ4, సీడీ8 రెండూ గట్టిగా స్పందించాయి. ఆ తర్వాత ప్రాణాంతక రకం ఎక్కించినా ఎలుకలకు రక్షణ దక్కింది. మింగిన కణాలను ఎక్కించిన ఎలుకలకు ఆ భాగ్యం లేకపోయింది. సోకిన మాక్రోఫేజ్‌లతో కూడా ఇదే ఫలితం రావడం మరీ విశేషం.

సంచిలో ఉన్న జీవి ప్రోటీన్ బయటికి ఎలా వచ్చింది మరి? టోక్సోప్లాస్మా తన సంచి చుట్టూ మన కణపు ఎండోప్లాస్మిక్ రెటిక్యులంనూ మైటోకాండ్రియానూ దగ్గరికి లాక్కుంటుంది. ఆహారం కోసమో మరెందుకో గానీ, ఆ దగ్గరితనమే దాని కొంప ముంచుతుంది. 2009లో రోమినా గోల్డ్‌స్మిడ్, అలన్ షెర్ తదితరులు సంచి పొరకూ రెటిక్యులం పొరకూ మధ్య రాకపోకలు ఏర్పడుతున్నాయనీ, చొరబడిన కణాల్లోనే ఇది జరుగుతోందనీ చూపారు. ఇంకొక సంగతి ప్రోటీన్ నిలబడే చోటుది. బెర్క్‌లీలో నీలభ్ శాస్త్రి ప్రయోగశాలలో నికొలా బ్లాంషార్ 2008లో ఒక పెప్టైడ్‌ను పట్టుకున్నాడు. పది అమైనో ఆమ్లాలు, జీఆర్ఏ6 అనే ప్రోటీన్ చిట్టచివరి కొస. ఈ ప్రోటీన్‌ను పరాన్నజీవి తన సంచి పొరలోకి గుచ్చుతుంది. తర్వాతి పనిలో తేలిందేమిటంటే, ఆ పెప్టైడ్ ప్రోటీన్ కొసన ఉన్నప్పుడే సీడీ8 కణాలు విరగబడి స్పందిస్తాయి. అదే ముక్కను ప్రోటీన్ నడుమ భాగంలోకి మార్చితే స్పందన పడిపోతుంది. పరాన్నజీవికి ఎన్నో వేల ప్రోటీన్లున్నా టి కణాలు కొన్నింటి మీదే ఎందుకు దృష్టి పెడతాయో దీంతో కొంత అర్థమవుతుంది. ప్రోటీన్ ఎంత పెద్దది, ఎంత ముఖ్యమైనది అన్నదాని కంటే మన యంత్రాంగానికి ఏ కొస అందుబాటులో ఉందన్నది నిర్ణయిస్తోంది.

ఈ జీఆర్ఏ6 ముక్కను చూపించగల ఎంహెచ్‌సీ జన్యువు ఉన్న ఎలుక వంశాలు మెదడు వ్యాధిని తట్టుకుంటాయి, లేనివి తట్టుకోలేవు. బ్లాంషార్ తర్వాత తులూజ్‌లో నడిపిన బృందం 2019లో రెండో ఘట్టాన్ని కూడా సోకిన కణానికే ముడిపెట్టింది. న్యూరాన్లు ఎంహెచ్‌సీ చూపించవు, రోగనిరోధక వ్యవస్థకు అంటీముట్టనట్టు ఉంటాయి అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఈ బృందం ఆ ఒక్క ఎంహెచ్‌సీ జన్యువును న్యూరాన్లలో మాత్రమే తీసేసింది. మెదడులో పరాన్నజీవి గుళ్లు బాగా పెరిగిపోయాయి. న్యూరాన్ తన బాధ తానే చెప్పుకోవాల్సి వచ్చిందన్నమాట.

సోకిన కణం నోరు మెదపకుండా చేయడానికి పరాన్నజీవి చేసే ప్రయత్నాలు తక్కువేమీ కావు. టోక్సోప్లాస్మా కణంలోకి దిగకముందే తన ఆర్‌ఓపీ ప్రోటీన్లను పొర గుండా లోపలికి చిమ్ముతుంది. వాటిలో ఆర్‌ఓపీ16 మన కణపు సంకేతాలను దారి మళ్లిస్తుంది. టీజీఐఎస్‌టీ అనే మరో ప్రోటీన్ నేరుగా కేంద్రకంలోకి పోయి, టి కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం మాట చెల్లకుండా చేస్తుంది. మరోపక్క దీని జీఆర్ఏ24 ప్రోటీన్ ఐఎల్-12ను పెంచి మంట ఎగదోస్తుంది కూడా. తన ఆతిథేయి త్వరగా చచ్చిపోతే తనకే నష్టం కాబట్టి కాస్త అదుపు ఉండాలని చూసుకుంటుందేమో అనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో అనితా కోషి చూపినట్టు, ఇది చిమ్మి వదిలేసి లోపలికి దూరని కణాలు కూడా బోలెడు. సోకినవి, మింగినవి అన్న రెండు పెట్టెల లెక్కలో ఈ మూడో రకం ఇమడదు. వాటి పాత్ర మీద పని ఇంకా తొలిదశలోనే ఉంది.

ఇంతవరకూ చెప్పింది ఎలుకల కథ. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక మెట్టు తప్పుతుంది. ఎలుక డెండ్రైటిక్ కణాలు టోక్సోప్లాస్మాలోని ప్రొఫిలిన్ అనే ప్రోటీన్‌ను టీఎల్ఆర్11, టీఎల్ఆర్12 అనే గ్రాహకాలతో పసిగట్టి ఐఎల్-12 కురిపిస్తాయి. మనిషిలో టీఎల్ఆర్11 జన్యువు పనిచేయని శిథిలం. టీఎల్ఆర్12 అసలే లేదు. మరి మన కణాలకు ఎలా తెలుస్తుంది? షెర్ బృందం 2016లో మనుషుల రక్తం నుంచి తీసిన మోనోసైట్లు, డెండ్రైటిక్ కణాలతో ప్రయోగం చేసి, బతికున్న పరాన్నజీవిని మింగినప్పుడే ఐఎల్-12 వస్తోందని, చొరబాటు వల్ల కాదని చూపింది. ఎలుకలో తేలినదానికి దాదాపు తిరగేసిన ఫలితం. 2019లో ఫెలిక్స్ యరోవిన్‌స్కీ బృందం మూడో దారి చెప్పింది: సోకిన మనిషి కణం ఎస్100ఏ11 అనే తన సొంత ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది, మోనోసైట్లు దాన్ని పసిగట్టి తోటివాటిని పిలుస్తాయి. అంటే సోకిన కణం హెచ్చరిక ఇస్తుంది, మింగిన కణం ఐఎల్-12 ఇస్తుంది. పెప్టైడ్ చూపించే పని ఏ కణం ఎంత పంచుకుంటుందో మనుషుల్లో తేలాల్సే ఉంది. ఎలుక మీద తేలిన ప్రతిదాన్నీ మనకు అంటగట్టే అలవాటు ఈ రంగంలో ఎక్కువ. ఈ ఒక్క ఉదాహరణ చాలు, దాన్ని తగ్గించుకోవడానికి.

లీష్మానియా దగ్గర సోకిన కణం దాదాపు మూగదే. ఈ జీవిని 1903లో ఇద్దరు విడివిడిగా గుర్తించారు. విలియం లీష్‌మన్ కలకత్తా శివారు డమ్‌డమ్‌లో జబ్బుపడి వచ్చిన సైనికుడి ప్లీహంలో చూస్తే, చార్లెస్ డోనవన్ మద్రాసులో చూశాడు. ఇసుక ఈగ కుట్టినప్పుడు చర్మంలోకి దిగిన లీష్మానియాను మొదట మింగేవి న్యూట్రోఫిల్స్. అవి చావగానే మాక్రోఫేజ్‌లు తీసుకుంటాయి. మిగతా పరాన్నజీవులు లైసోసోమ్ నుంచి పారిపోవడానికి చూస్తే ఇది ఆ ఆమ్లపు గదిలోనే హాయిగా ఉంటుంది. రెండో తరగతి ఎంహెచ్‌సీకి సరుకు తయారయ్యేది సరిగ్గా ఆ గదిలోనే. కాబట్టి దొరికిపోవాలి కదా అనుకుంటాం. కొన్ని రకాలు ఆ ఎంహెచ్‌సీ అణువులనే లాక్కుని తినేస్తాయి. వాటి జీపీ63 అనే ప్రోటీన్ మన రవాణా ప్రోటీన్లను కోసి, ముక్కలు మొదటి తరగతి దారికి మళ్లకుండా అడ్డుకుంటుంది.

అయినా టి కణాలు మేల్కొంటాయి. పక్కనుండే, అంతగా చెడని డెండ్రైటిక్ కణాలు సరుకు ఎత్తుకుని లింఫ్ గ్రంథికి చేరుస్తాయి. ఇక గమ్యంలో జరిగేది చూడాల్సిందే. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిలిప్ బూసో బృందం 2012లో బతికున్న ఎలుక చర్మంలోకి మైక్రోస్కోపు పెట్టి చూసింది. టి కణాలు సోకిన కణాల్లో కొద్దిపాటివాటినే పట్టుకుని నిలబడ్డాయి. మిగతావాటిని పట్టించుకోకుండా దాటిపోయాయి. కానీ అక్కడ అవి వదిలిన ఇంటర్‌ఫెరాన్ గామా 80 మైక్రోమీటర్లకు పైగా వ్యాపించి, ఒక్క టి కణమూ తాకని మాక్రోఫేజ్‌లు కూడా నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి పరాన్నజీవిని చంపేలా చేసింది. ఊళ్లో నలుగురు నోరు విప్పితే చాలు, అందరికీ సాయం అందింది. సోకిన ప్రతి కణమూ చూపించాల్సిన పనిలేదు. టోక్సోప్లాస్మా న్యూరాన్ కథ ఇక్కడ నప్పదు.

టిమ్ మోస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ 1986లో సీడీ4 టి కణాలను టీహెచ్1, టీహెచ్2 అని రెండుగా విడదీశారు. ఆ విభజనకు పేరొచ్చింది లీష్మానియాతోనే. ఒక వంశపు ఎలుకలు ఇంటర్‌ఫెరాన్ గామా చేసి (టీహెచ్1) కోలుకుంటాయి, ఇంకో వంశంవి ఐఎల్-4 చేసి (టీహెచ్2) చస్తాయి. ఎంత చక్కటి కథో! బీహార్‌లో కాలా అజార్ రోగుల్లో చూస్తే ఆ చక్కదనం నిలవలేదు. వాళ్ల ప్లీహంలో ఇంటర్‌ఫెరాన్ గామాకు కొదవ లేదు. దాని పక్కనే ఐఎల్-10 విపరీతంగా ఉండి మాక్రోఫేజ్‌ల చేతులు కట్టేస్తోంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన శ్యామ్ సుందర్, అమెరికాకు చెందిన డేవిడ్ శాక్స్ కలిసి చేసిన పనిలో, ఆ ఐఎల్-10కు మూలం టి కణాలే అని 2007లో తేలింది. కబురు అందింది, టి కణాలు వచ్చాయి, పని మాత్రం జరగలేదు.

మలేరియాకు వస్తే పరిస్థితి మజిలీ మజిలీకి మారుతుంది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో ఈ పరాన్నజీవిని పట్టుకున్నప్పటికి కాలేయం మజిలీ సంగతి ఎవరికీ తెలియదు. అది 1948 దాకా ఆగాల్సి వచ్చింది. దోమ కుట్టాక పరాన్నజీవి తొలి రూపాలైన స్పోరోజాయిట్లు కాలేయ కణాల్లో చేరి, ఫాల్సిపారం రకం అయితే దాదాపు వారంపాటు పెరుగుతాయి. కాలేయ కణానికి కేంద్రకం ఉంది, ఎంహెచ్‌సీ ఉంది. న్యూయార్క్‌లో రూత్ నుసెన్‌జ్వైగ్ 1967లో ఎక్స్‌రేలతో బలహీనపరచిన స్పోరోజాయిట్లు ఎలుకలను కాపాడతాయని చూపింది. చంపేసినవి అలా కాపాడలేదు. కాలేయ కణంలోకి దూరే సత్తా మిగలాలి. సీడీ8 కణాలను తీసేస్తే ఆ రక్షణ పోయింది. టి కణాలు మొదట రెచ్చిపోయేది మాత్రం కాలేయంలో కాకుండా, దోమ కుట్టిన చర్మం దగ్గరి లింఫ్ గ్రంథిలో, డెండ్రైటిక్ కణాల వల్ల. ఒకే ప్రోటీన్‌ను డెండ్రైటిక్ కణం ఒక దారిన, కాలేయ కణం మరో దారిన ముక్కలు చేసి చూపిస్తాయి. రెండు ఘట్టాలకు ఇద్దరు సాక్షులు.

ఎర్ర రక్తకణంలోకి దిగాక సాక్షే ఉండదు. పరిపక్వ ఎర్ర కణానికి కేంద్రకం లేదు, ఎంహెచ్‌సీ లేనట్టే. టి కణం కంటికి అది కనపడదు. ప్లీహంలోని డెండ్రైటిక్ కణాలు మింగి చెప్పిందే వేదం. మెదడు మలేరియా ఉన్న ఎలుకల్లో అయితే రక్తనాళాల గోడల కణాలు, తమకు సోకకపోయినా, పరాన్నజీవి ముక్కలను ఎత్తుకుని చూపించి సీడీ8 కణాల చేతిలో దెబ్బతింటాయి. అయితే మన దేశంలో కూడా కనిపించే వైవాక్స్ రకం, లేత ఎర్ర కణాలనే ఎంచుకుంటుంది. వాటిలో పాత యంత్రాంగం ఇంకా పూర్తిగా పోదు. 2018లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు వైవాక్స్ సోకిన లేత ఎర్ర కణాల మీద మొదటి తరగతి ఎంహెచ్‌సీ ఉందనీ, రోగుల సీడీ8 కణాలు వాటిని పట్టుకుని గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్‌తో లోపలి పరాన్నజీవిని కూడా చంపుతున్నాయనీ చూపారు. దశాబ్దాలుగా కొట్టిపారేసిన అవకాశం ఇది.

ట్రిపనోసోమా క్రూజి గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. సంచిని చీల్చుకుని కణద్రవ్యంలోకి వచ్చేస్తుంది కాబట్టి అందరికంటే తేలిగ్గా దొరకాలి. దొరుకుతుంది కూడా, కానీ ఆలస్యంగా. చొరబడేటప్పుడు అది పెద్దగా అలజడి చేయదు. మొదటి విడత కణాలు పగిలాకే టి కణాలు కదులుతాయి. అప్పటికి జబ్బు పాతుకుపోతుంది.

చివరగా పశువుల సంగతి. గోమార్ల ద్వారా వచ్చే థైలేరియా అన్యులాటా తెల్ల రక్తకణాల్లో, ముఖ్యంగా మాక్రోఫేజ్, బి కణాల్లో, సంచి లేకుండా ఉంటుంది. కణాన్ని క్యాన్సర్ కణంలా ఆపు లేకుండా విభజించేలా చేసి, విభజన కండెను పట్టుకుని తానూ రెండుగా చీలి పిల్లకణాల్లోకి సర్దుకుంటుంది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవుల్లో జ్వరం, మెడ దగ్గర గ్రంథుల వాపు, రక్తహీనత వచ్చి పాలు ఎండిపోతాయి; సాహివాల్ వంటి దేశీ జాతులు కొంత తట్టుకుంటాయి. ఇక్కడ సోకిన కణం అతిగా మాట్లాడుతుంది. సోకిన మాక్రోఫేజ్ సరైనవీ కానివీ తేడా లేకుండా టి కణాలన్నిటినీ రెచ్చగొట్టి లింఫ్ గ్రంథిని గందరగోళం చేస్తుంది. గురిపెట్టిన స్పందన ఆ గోలలో కలిసిపోతుంది.

ఈ జబ్బుకు హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తెచ్చిన రక్షావ్యాక్-టి టీకాలో ఉండేవి, ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పెంచి బలహీనపరచిన పరాన్నజీవి ఉన్న పశువు కణాలే. వాటిని బతికి ఉండగానే ద్రవ నైట్రోజన్‌లో నిల్వ చేసి తెస్తారు. ఎక్కించిన కణాలు వేరే పశువువి కాబట్టి వాటి ఎంహెచ్‌సీ కూడా వేరే. ఆవు శరీరం వాటిని పరాయివిగా చూసి తోసిపుచ్చుతుంది. జింకర్‌నాగెల్, డోహర్టీ చెప్పిన ప్రకారం ఆ కణాలు ఏ పెప్టైడ్ చూపించినా ఈ ఆవు టి కణాలకు ఉపయోగం లేదు. అయినా టీకా పనిచేస్తుంది. కారణం, అన్యులాటా ఆ చచ్చే కణాల నుంచి ఆవు సొంత కణాల్లోకి తేలిగ్గా మారుతుంది. అక్కడి నుంచి ఆవు ఎంహెచ్‌సీతో, ఆవు టి కణాలకు అర్థమయ్యేలా ముక్కలు బయటికి వస్తాయి. తూర్పు ఆఫ్రికాలో పశువులను చంపే థైలేరియా పార్వాకు ఇదే పద్ధతి ప్రయత్నించినప్పుడు కోట్ల సంఖ్యలో కణాలు ఎక్కిస్తే తప్ప ఫలితం రాలేదు. పార్వాకు కణం మారే చొరవ తక్కువ.

అందుకని అక్కడ బతికున్న స్పోరోజాయిట్లనే ఎక్కించి, వెంటనే చాలాసేపు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. పరాన్నజీవి ఆవు కణాల్లోకి పోతుంది, టి కణాలకు కనిపిస్తుంది, జబ్బు ముదిరేలోగా మందు పట్టేస్తుంది. 2009లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో మనుషుల మీద చేసిన మలేరియా ప్రయోగం దీనికి తోబుట్టువే. క్లోరోక్విన్ వేసుకుంటూ మలేరియా దోమల చేత కుట్టించుకున్న 10 మంది వాలంటీర్లకూ తర్వాత అదే రకం పరాన్నజీవి సోకలేదు. పోల్చడానికి పెట్టుకున్న 5 మందికీ సోకింది. రకం మారితే అంత ధీమా లేదు. ఆవుల్లోనూ అదే ఇబ్బంది. ఒక్కో పశువు సీడీ8 కణాలు ఒకటి రెండు పెప్టైడ్‌ల మీదే గురి పెడతాయి, అవి రకానికో తీరుగా ఉంటాయి. కెన్యాలోని ముగుగా పేరుతో పిలిచే టీకాలో మూడు రకాల పార్వా కలిపి ఇచ్చేది అందుకే.